ఒకటన్న పెద్దమాట: స్పాంజి బంతికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెడుతూ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. రఘువంశానికి ఆ ఒట్టు చెల్లింది. స్పాంజి బంతికి చెల్లదు. ఇక్కడ మూలంలో కనిపించేది ఒక్క బంతి, కథ నడిపేది కనిపించని ఇంకో బంతి. మూలంలో లేనిదాన్ని వదిలేస్తే ఈ వ్యాఖ్యాతకు మిగిలేది ఖాళీ అరచెయ్యి. కాబట్టి సూరిగారికి దూరం నుంచే దండం పెట్టి పనిలోకి దిగుతున్నాను.

ఈ విద్య అవసరం ఎప్పుడు పడుతుందో పిల్లలున్న ఇళ్లన్నిటికీ తెలుసు. పుట్టినరోజుకు పిలిచిన పిల్లలంతా వచ్చేశారు, కేకు తెస్తానన్న మేనమామ ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నాడు, సోఫా మీంచి దూకే కార్యక్రమం మొదలైపోయింది. అలాంటప్పుడు పేకముక్కల గారడీ అక్కరకు రాదు. ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియని వాళ్లను "నీ ముక్క గుర్తుపెట్టుకో" అనడం దండగ. రూపాయి బిళ్లతో చేద్దామంటే దానికి బోలెడంత సాధన కావాలి, పైగా జారిందంటే ఠంగుమని గుట్టు తనే చాటేస్తుంది. స్పాంజి బంతి జారినా చప్పుడు చెయ్యదు, మీద పడినా దెబ్బ తగలదు, అద్దం ముందు కొన్నాళ్లు కూర్చుంటే లొంగుతుంది. కామసూత్రంలోని అరవై నాలుగు కళల జాబితాలో ఐంద్రజాలం, హస్తలాఘవం విడివిడిగా ఉన్నాయి. స్పాంజి బంతిగాడికి రెండోది కాస్త ఉంటే చాలు. మొదటిది పిల్లలే సమకూరుస్తారు.

మూలం

మెత్తగానుండు నొకబంతి మెరుపు కెంపు,
పిడికిటంబట్టి నలుపగా పిప్పియగును,
బిడ్డ చేతిలో నొకటన్న పెద్దమాట
తెరచి చూచిన రెండాయె, దేవుడెరుగు!

ఛందస్సు తేటగీతి. కవి పేరు బయటపెట్టనని మాటిచ్చాను. "నలుపగా" తర్వాత సరళాదేశం వచ్చి "బిప్పి" కావాలని వ్యాకరణం చదివినవాళ్లు అంటారు. వాళ్ల మాట కాదనను. కాని కేకు కోసం ఎదురుచూసే సభలో "బిప్పి అంటే ఏంటి అంకుల్?" అని ఒక గొంతు లేచిందంటే ఇక పద్యం ముందుకు సాగదు.

ప్రతిపదార్థం, వ్యాఖ్య

మెత్తగానుండు = నొక్కితే లొంగి, వదిలితే లేచే. ఈ ఒక్క విశేషణం మీదే విద్యంతా నిలబడింది. మనం స్పాంజి అంటున్నది ఎక్కువగా పాలియురేథేన్ ఫోమ్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం ఆ రసాయనానికి దారి వేసింది, తర్వాత అదే పరుపుల్లోకి, సోఫాల్లోకి, బస్సు సీట్లలోకి వచ్చింది. మెత్తటి ఫోమ్ లోపలంతా చిన్న చిన్న గాలి గదులు, వాటి మధ్య తలుపుల్లేవు. నొక్కితే గాలి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కణ్ణుంచి బయటికి పోతుంది. వదలగానే వంగిన గోడలు లేచి గాలిని మళ్లీ లోపలికి పీల్చుకుంటాయి. థర్మాకోల్‌లో గదులున్నాయి గాని అన్నీ మూసేసిన గదులు. అందుకే దాన్ని నొక్కితే విరుగుతుందే తప్ప లొంగదు. థర్మాకోల్ బంతితో ఈ పద్యం చేయబోతే మొదటి పాదం దాటరు.

ఒకప్పుడు ఈ బంతులు రబ్బరు స్పాంజితో ఉండేవి. అమెరికాలో ఆల్బర్ట్ గోష్‌మన్ అనే ఐంద్రజాలికుడు, అంతకుముందు బేకరీలో రొట్టెలు కాల్చిన మనిషి, వీటి తయారీనే ఒక వ్యాపారంగా నిలబెట్టాడు. ఫ్రాంక్ గార్సియా అనే మరో అమెరికా ఐంద్రజాలికుడు స్పాంజి బంతుల మీద ఏకంగా ఒక విజ్ఞాన సర్వస్వమే రాశాడు. మనకు అంత దూరం అక్కర్లేదు. పరుపులు కుట్టే షాపులో అడిగితే కోతలో మిగిలిన ఫోమ్ ముక్కలు ఇస్తారు. గిన్నెలు తోమే స్పాంజి అయినా సరే, కొత్తది అయి ఉండాలి, గరుకు పచ్చ పొర ఒలిచెయ్యాలి. అంగుళంన్నర ఘనంగా కోసి, మూలలు కొద్దికొద్దిగా తీసుకుంటూ పోతే గుండ్రం వస్తుంది. కత్తిరించేటప్పుడు ముక్కను గట్టిగా నొక్కి పట్టుకోకండి. నొక్కినప్పుడు తిన్నగా కనిపించిన కోత వదలగానే వంకరవుతుంది. బంతి నున్నగా రాకపోయినా నష్టం లేదు గాని, అన్నీ ఒక్కలాగే గుంటలు పడి ఉండాలి. ఒకటి అందంగా, ఇంకోటి వికారంగా వస్తే అయిదేళ్ల పిల్ల "ఇది అది కాదు" అని పట్టేస్తుంది. బట్టలు కుట్టుకునే కత్తెర మాత్రం ఈ పనికి తియ్యొద్దు. ఆ గొడవకు ఏ వ్యాఖ్యానంలోనూ పరిహారం లేదు.

ఒకబంతి = ఒకటే బంతి. కవి ఆడిన మొదటి అబద్ధం ఇదే. మొత్తం మూడు బంతులు. రెండు బల్ల మీద పదిమందీ చూస్తుండగా ఉంటాయి. మూడోది కుడిచేతి వేళ్ల మధ్య అజ్ఞాతవాసం చేస్తుంటుంది.

మెరుపు కెంపు = మిలమిలలాడే ఎరుపు. కొని తెచ్చే బంతులు ఎక్కువగా ఈ రంగులోనే ఉంటాయి. పిల్లల కళ్లకు దూరం నుంచి ఆనుతుంది, అరచేతి రంగు మీద తేటగా కనిపిస్తుంది. తెల్ల ఫోమ్ తెచ్చి ఇంట్లో రంగు వేద్దామనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చెమట చేతిలో నలిగితే ఆ రంగు పిల్లవాడి అరచేతికి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి మీ ఇంటి గోడకు. ఉన్న రంగులోనే చెయ్యండి.

పిడికిటంబట్టి = పిడికిట్లో పట్టుకుని. ఇది పామరులు చెప్పుకునే అర్థం. నిజానికి పట్టుకోవలసింది పిడికిట్లో కాదు. మధ్యవేలు, ఉంగరం వేలు కాస్త లోపలికి వంచితే, వేళ్ల మొదళ్ల దగ్గర ఒక చిన్న ఒడి ఏర్పడుతుంది. బంతి అందులో కూర్చుంటుంది. బొటనవేలు, చూపుడువేలు ఖాళీ. వాటితో బల్ల మీది బంతిని తియ్యొచ్చు, పెన్సిలు పట్టుకోవచ్చు, పిల్లవాడి బుగ్గ గిల్లొచ్చు. కొత్తవాళ్లు చేసే తప్పంతా ఇక్కడే. బంతి దాచిన చేతిని కట్టు కట్టించుకున్న చేతిలా పొట్టకు ఆనించి పెట్టుకుంటారు. ఏ చేతిలో ఉందో ఇంక వేరే చెప్పక్కర్లేదు. ఆ చేత్తో ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. మంత్రదండం అని పిలిచే పెన్సిలు ముక్కకున్న మహిమంతా అదే. దాన్ని పట్టుకోవడానికి వేళ్లు ఎలాగూ వంచాలి కాబట్టి, వంగిన వేళ్లను ఎవరూ శంకించరు.

నలుపగా పిప్పియగును = నొక్కితే పిప్పిలా అణిగిపోతుంది. బల్ల మీది బంతిని మునివేళ్లతో తీసుకుంటూ, దాన్ని అజ్ఞాతవాసి మీదికి దొర్లించి రెండిటినీ కలిపి నొక్కితే, బయటికి కనిపించేది ఒక బంతి మందమే. కుడిచేతి వేళ్ల చివరల్లోంచి ఎర్రగా కాస్త తొంగిచూస్తుంటే చాలు, చూసేవాడి మనసు మిగతాదాన్ని ఒక బంతిగా పూర్తిచేసుకుంటుంది. ఫ్యాన్ కింద చేతులు మరీ పొడిబారితే స్పాంజి జారుతుంది. మే నెల చెమట ఈ ఒక్క పనికి మేలు చేస్తుంది.

బిడ్డ చేతిలో = పిల్లవాడి సొంత అరచేతిలో. ఈ పదం దగ్గర కాసేపు ఆగాలి. పద్యానికి ప్రాణం ఇదే.

తక్కిన గారడీలన్నీ గారడీవాడి చేతిలోనో, పెట్టెలోనో, టోపీలోనో జరుగుతాయి. మన వీధి గారడీవాడి విద్య కూడా అంతే. పైన చిన్న బొడిపె ఉండే కర్ర గిన్నెలు, గుడ్డ బంతులు, నేల మీద గోనెపట్టా. ఆ బొడిపెను వేళ్ల సందున పట్టి గిన్నె ఎత్తి దించే ఒడుపు చూడడానికే జనం గుంపుగా నిలబడేవారు. ఎంత గొప్పగా చేసినా గిన్నె అతనిది, బంతి అతనిది, పిల్లలు గీత దాటి రాకూడదు. స్పాంజి విద్యలో కర్ర గిన్నె చేసే పనిని పిల్లవాడి పిడికిలి చేస్తుంది. ఆశ్చర్యం పుట్టేది ప్రేక్షకుడి గుప్పిట్లోనే. "అది ముట్టుకోకు", "ఇది తియ్యకు", "చేతులు కడుక్కో" అని పొద్దస్తమానం వినే చేతులవి. ఆ చేతుల్లో ఒక సంగతి జరిగి, దానికి సాక్షి తానే కావడం ఆ వయసులో చిన్న పదవి కాదు. నన్నడిగితే స్పాంజి బంతి మిగతా గారడీలన్నిటికన్నా ఒక మెట్టు పైన ఉన్నది ఇందుకే. చేసేవాడి చాకచక్యం దీనిలో తక్కువ, ఇచ్చేవాడి ఒద్దిక ఎక్కువ. చప్పట్లన్నీ తనకే కావాలనుకునే మేనమామలు దీని జోలికి రాకపోవడం మంచిది.

ఇక ప్రయోగం. నొక్కిన రెండు బంతుల్ని పిల్లవాడి అరచేతి మధ్యలో పెట్టి, మీ వేళ్లు తియ్యకముందే, రెండో చేత్తో వాడి వేళ్లను మీరే మూసెయ్యాలి. నాలుగైదేళ్ల పిల్లల అరచెయ్యి చిన్నది, అంగుళంన్నర బంతులు రెండు అందులో పట్టాలంటే మీ సాయం ఉండాల్సిందే. "గట్టిగా పట్టుకో, ఎగిరిపోతుంది" అనండి. గట్టిగా పట్టుకున్నంతసేపు లోపల ఒకటుందో రెండున్నాయో వేళ్లకు తెలియదు, వదులు చేస్తేనే తెలుస్తుంది. కాని పిడికిలి మూసిన మరుక్షణం తెరిచి చూడడం పిల్లల జన్మహక్కు. దానికి విరుగుడు ఆ పిడికిలిని వాడి తల మీద పెట్టించడం. కళ్లకు అందనిచోట ఉన్న పిడికిలిని తెరవాలన్న కోరిక కొంచెం తగ్గుతుంది, చూసే పిల్లలకు నవ్వూ వస్తుంది.

ఆ తర్వాత జరిగేది మూలంలో లేదు. మల్లినాథుడి ఒట్టు తీసి గట్టున పెట్టింది దీనికోసమే. బల్ల మీద మిగిలిన బంతిని కుడి మునివేళ్లతో తీసి ఎడమ అరచేతిలో పెట్టండి. పెట్టినట్టు పెట్టి, ఎడమ వేళ్లు మూసుకుంటున్నప్పుడే కుడి వేళ్లలోకి బంతిని వెనక్కి లాక్కోండి. కుడిచెయ్యి మెల్లగా పక్కకు దిగిపోవాలి, మీ కళ్లు ఎడమ పిడికిలిని వదలకూడదు. ఈ ఘట్టంలో చేతికన్నా కంటికే పని ఎక్కువ. మీరే కుడిచేతి వంక చూస్తే పిల్లలు చూడకుండా ఉంటారా? నిజంగా ఎడమ చేతిలో బంతి ఉంటే ఎలా పట్టుకుంటారో, ఎంత మందంగా పిడికిలి ఉబ్బుతుందో, ముందు నిజంగా పెట్టి అద్దంలో చూసుకోండి. అబద్ధపు పిడికిలికి అదే కొలత.

ఇప్పుడు మంత్రం. అబ్రకదబ్రల దాకా పోనక్కర్లేదు, మనకు "హుష్ కాకి" ఉంది. తెలుగింట్లో బిస్కెట్టు ప్యాకెట్టు వీపు వెనక దాచి "కాకెత్తుకెళ్లింది" అన్న ప్రతి అమ్మమ్మా, ప్రతి నానమ్మా ఈ శాస్త్రంలో ప్రథమాచార్యురాలే. అబద్ధపు బదిలీ, చూపు మళ్లించడం, నేరం మూడోవాడి మీదికి నెట్టడం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. హుష్ కాకి అని ఊదించి, ఎడమ చెయ్యి ఒక్కో వేలే తెరిస్తే, ఖాళీ.

ఒకటన్న పెద్దమాట = పెద్దవాళ్లు "ఒకటే" అని చెప్పిన మాట. ఇక్కడ ఒక ధర్మశంక. పిల్లలతో అబద్ధమాడవచ్చునా? సమాధానానికి రోము దాకా పోవాలి. సెనెకా తన ఉత్తరాల్లో ఒకచోట గిన్నెలూ గులకరాళ్లతో గారడీ చేసేవాళ్ల ప్రస్తావన తెస్తాడు. వాళ్ల మోసం ఎవరికీ చెరుపు చెయ్యదు, మోసపోవడంలోనే తనకు ఆనందం, ఎలా చేశారో తెలిసిన రోజున ఆట పోతుంది అని అతని అభిప్రాయం. నేను ఇంకో ముక్క కలుపుతాను. ఈ అబద్ధం ఆయుష్షు పిడికిలి తెరిచేదాకానే. "ఇంజెక్షను నొప్పి పుట్టదు" అనేదానితో పోలిస్తే ఎంతో నిజాయితీ గల అబద్ధం.

తెరచి చూచిన రెండాయె = తెరిస్తే రెండు అయ్యాయి. తెరిచేటప్పుడు బంతులు ఊరికే కనిపించవు, లేస్తాయి. వేళ్లు వదులైన వెంటనే గాలి పీల్చుకుని అరచేతిలోంచి ప్రాణమున్నట్టు ఉబికి వస్తాయి, ఒక్కోసారి ఒకటి ఎగిరి నేల మీద పడుతుంది. రూపాయి బిళ్లకు ఈ భాగ్యం లేదు. అందరి కళ్లూ ఆ చిన్న అరచేతి మీద ఉన్న ఆ క్షణమే మీ కుడిచేతిలోని దొంగ బంతికి విముక్తి. లుంగీ కట్టినవాళ్లకు రొంటి ఉంది, చీర కట్టినవాళ్లకు కుచ్చిళ్లున్నాయి, ప్యాంటు వాళ్లకు జేబు. పొట్టిచేతుల చొక్కా వేసుకుంటే "చొక్కా చేతిలోకి పోనిచ్చాడు" అనే నింద కూడా ఉండదు.

దేవుడెరుగు = దేవుడికి తెలుసు, నన్నడక్కండి. "ఎలా?" అన్న ప్రశ్నకు కవి ముందే తలుపు గడియపెట్టాడు.

అలంకారం

రెండు ఒకేలాంటి వస్తువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి తేడా తెలియకపోతే ఆలంకారికులు దాన్ని మీలితం అన్నారు. ఆ తేడా మళ్లీ బయటపడితే ఉన్మీలితం. అప్పయ్య దీక్షితుల కువలయానందంలో రెండూ ఉన్నాయి. పిల్లవాడి పిడికిలి మూసి ఉన్నంతసేపూ మీలితం, తెరిచాక ఉన్మీలితం. కావ్యాల్లో ఈ అలంకారాలకు ఉదాహరణ వెతకడానికి విద్యార్థులు పడే పాట్లు చూస్తే, వాళ్ల తరగతికి మూడు స్పాంజి బంతులు పంపాలనిపిస్తుంది.

రసం సంగతికొస్తే, నాట్యశాస్త్రంలో భరతుడు అద్భుత రసానికి విభావాలు చెబుతూ మాయనూ ఇంద్రజాలాన్నీ కలిపాడు. స్థాయి విస్మయం. అద్భుతానికి ఆయన చెప్పిన లెక్కలోకి రాని సంచారి భావం ఒకటి మాత్రం ఇక్కడ ప్రతిసారీ పుడుతుంది. పక్కనున్న పిల్ల "ఇప్పుడు నా చేతిలో! నా చేతిలో!" అని ముందు వాణ్ణి తోసెయ్యడం. దానికి శాస్త్రంలో అసూయ అని పేరుంది, ఇంట్లో ఇంకా చాలా పేర్లున్నాయి.

అధికారి నిర్ణయం

ఏ శాస్త్రానికైనా వినదగినవాడెవడో చెప్పాలి. పసిబిడ్డల విషయంలో రెండు మతాలున్నాయి. పియాజే మతం ప్రకారం ఎనిమిది నెలలు రాని బిడ్డ, గుడ్డ కింద దాచిన బొమ్మ కోసం వెతకదు, కాబట్టి కనబడనిది ఆ బిడ్డ లోకంలో లేనట్టే. 1985లో రెనే బయార్జాన్, ఆమె సహచరులు దీన్ని ఖండించారు. అయిదు నెలల బిడ్డలకు వాళ్లు ఒక తెర చూపించారు. వెనక పెట్టె అడ్డుండగా ఆ తెర పెట్టెలోంచి దూసుకుపోయినట్టు పడుకుంటే, బిడ్డలు దానివైపు ఎక్కువసేపు చూశారు. అంటే పెట్టె అక్కడే ఉందని వాళ్లకు తెలుసన్నమాట. ఇద్దరిలో ఎవరిది సిద్ధాంతమో పండితులు తేల్చుకోవాలి. స్పాంజి విషయంలో మాత్రం ఇద్దరి మాటా పక్కన పెట్టాల్సిందే, ఎందుకంటే ఆ వయసు బిడ్డ బంతిని చూసి ఆశ్చర్యపడదు, నోట్లో పెట్టుకుంటుంది. మూడేళ్లలోపు పిల్లల ఆటబంతి వ్యాసం 1.75 అంగుళాలకన్నా తక్కువ ఉండకూడదని అమెరికాలో నిబంధన. గట్టి బంతికి ఆ కొలత సరే. నలిగితే ఎంత సందులోకైనా దూరే స్పాంజికి ఏ కొలతా కాపలా కాదు. నోట్లో పెట్టుకునే అలవాటు పోనివాళ్లకు దూరం నుంచే చూపించాలి, ఆట అవగానే బంతులు లెక్కపెట్టి పైన పెట్టెయ్యాలి. టీకాకారుడు నవ్వకుండా చెబుతున్న మాట ఇది.

మూడు, నాలుగేళ్ల వాళ్లతో వేరే చిక్కు. వాళ్లకు ఒకటి రెండవడం వింత కాదు. చెట్టుకు పువ్వు పూస్తుంది, ఫోనులోంచి నానమ్మ మాట్లాడుతుంది, పిడికిట్లో బంతి పెరుగుతుంది. "ఇంకోటి తెప్పించు" అంటారు, అంతే. జరగనిది జరిగిందని అనుకోవాలంటే ఏది జరగదో ముందు తెలిసి ఉండాలి కదా. అందుకే అయిదు నుంచి ఏడేళ్ల వాళ్లే ఈ పద్యానికి ఉత్తమ శ్రోతలు. ఎనిమిది దాటినవాడు నేరుగా మీ కుడి మణికట్టు పట్టుకుని "ఈ చెయ్యి చూపించు" అంటాడు. వాణ్ణి సహాయకుడిగా నియమించి కుర్చీలు సర్దే పని అప్పగించడం పాత ఉపాయం, ఇప్పటికీ పనిచేస్తుంది.

చిన్నపిల్లలకు ఇంకో దుర్గుణముంది. మీరు ఎటు చూస్తే అటు చూడాలన్న మర్యాద వాళ్లకింకా పూర్తిగా రాలేదు. పెద్దలు మాట్లాడేవాడి ముఖం చూస్తారు, వీళ్లు ఊరికే చెయ్యి చూస్తారు. అందుకే ప్రదర్శనలో ముందు మోసపోయేది వెనక వరసలో కూర్చున్న నాన్నలు.

రెండో మూలం

గ్లాసులోన నీళ్లు గలగల పోయగా
దాని బోర్లవేసి తట్టి చూప
చుక్కయైన రాదు చోద్యము గాంచిరే
అడుగునున్న గుట్టు నరయరెవరు

ఆటవెలది. దీనికి పెద్ద టీక అక్కర్లేదు, జాగ్రత్తలు చాలు. గ్లాసు = గాజుది కాదు, స్టీలుది. గుట్టు = అడుగున ముందే బిగించి పెట్టిన స్పాంజి ముక్క. గ్లాసు అడుగుకన్నా కాస్త పెద్దదిగా కోసి దూర్చితే దానంతట అదే బిగిసి నిలబడుతుంది. స్పాంజిని ముందు ఒకసారి తడిపి గట్టిగా పిండి పెట్టుకోవాలి. బొత్తిగా ఎండిన స్పాంజి మీద నీళ్లు కాసేపు తేలతాయి, చెమ్మ తగిలినది గబుక్కున తాగేస్తుంది.

"గలగల" అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. కవి యతి కోసం వేసుకున్నాడు. గలగల పోస్తే స్పాంజి తాగగలిగినదానికి మించి మిగిలిన నీళ్లు బోర్లించగానే అవీ గలగలమంటూ కిందికి వస్తాయి. రెండు మూడు చెంచాలు, సన్నని ధారగా, అదీ గొప్ప హడావిడి చేస్తూ పొయ్యాలి. స్పాంజి సన్నని సందుల్లో నీటిని పట్టి ఉంచే బలం ఆ కొద్ది నీటి బరువుకన్నా ఎక్కువ కాబట్టి బోర్లించినా రాదు. "తట్టి చూప" అన్నది ఇంకా పెద్ద పొరపాటు. తడితే చుక్క రాలుతుంది, పిల్లల నవ్వు ఆగదు. ఈ కవి మొదటి పద్యం చేసి చూసి రాశాడు, రెండోది ఎవరో చెప్పగా విని రాశాడని నా అనుమానం. పేపరు కప్పు వాడేవాళ్లు దాన్ని గట్టిగా పట్టుకోకూడదు. కప్పుతోపాటు స్పాంజీ నలిగితే రహస్యం చేతి మీదుగా మోచేతి దాకా కారుతుంది.

కొందరు స్పాంజికి బదులు బిడ్డల డయపర్లలోని పొడిని వాడతారు. అది సోడియం పాలియాక్రిలేట్, తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని జెల్లీగా పట్టి ఉంచుతుంది. పొరపాటున నోట్లోకి పోయే ప్రమాదముంది కాబట్టి వద్దంటాను. పైగా ఆ విద్యను సభలోని చిన్నవాళ్లందరూ స్వయంగా ప్రదర్శించినవాళ్లే.

షాపుల్లో స్పాంజి కుందేళ్ల విద్య ఒకటి దొరుకుతుంది. తల్లి కుందేలు, తండ్రి కుందేలు పిల్లవాడి పిడికిట్లోకి వెళతాయి, తెరిస్తే బోలెడన్ని చిట్టి కుందేళ్లు. పద్ధతి మొదటి పద్యానిదే. దానికి అర్థవివరణ ఆయా తల్లిదండ్రులకే వదిలేస్తున్నాను.

శంకా పరిహారాలు

శంక: "మళ్లీ చెయ్యి" అంటే? చేసిందే మళ్లీ అదే మనుషుల ముందు చెయ్యకూడదని ఐంద్రజాలికుల కట్టుబాటు. పిల్లల ముందు కట్టుబాట్లు నిలవవు. రెండోసారి చేసేటప్పుడు ముగింపు మార్చండి. ఈసారి బంతి పిడికిట్లోకి రాకుండా వాడి చెవి వెనకనుంచి తియ్యండి. చెవి ముట్టుకోవడం ఇష్టంలేని బిడ్డలుంటారు, వాళ్ల చొక్కా జేబులోంచి తియ్యండి. ముక్కులోంచి తీసే పద్ధతి కూడా ఉంది. ఆ రాత్రి ఎవడో ఒకడు ముక్కులో శనగగింజ పెట్టుకుంటాడు కాబట్టి దాన్ని గ్రంథంలోంచి కొట్టేశాను.

శంక: బంతి చేతిలోంచి జారి అందరి ముందూ పడితే? "అరె, ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది!" అని అందరికన్నా ముందు మీరే ఆశ్చర్యపడాలి. పిల్లలు ఆ ఆశ్చర్యాన్నీ గారడీలో కలిపేసుకుంటారు.

శంక: పిల్లవాడు గుట్టు పట్టేస్తే? బుకాయించకండి. పక్క గదిలోకి తీసుకెళ్లి, రెండు బంతులు ఎలా కలిపి నొక్కాలో చూపించి, వాళ్ల నానమ్మ ముందు కూర్చోబెట్టండి. నానమ్మకు ఈ విద్య తెలియక కాదు, ఆవిడే కదా ప్రథమాచార్యురాలు. అయినా కళ్లజోడు సవరించుకుని చెయ్యి చాపుతుంది. వాడు రెండు బంతుల్ని ఆవిడ అరచేతిలో కుక్కి, రెండు చేతులతో ఆవిడ వేళ్లు మూసి, ఎవరూ నేర్పకుండానే ఆ పిడికిలిని ఆవిడ తల మీద పెడతాడు.

"ఒకటేనా నాన్నా?"

"ఒకటే నానమ్మా. రెండోది కూడా అందులోనే ఉంది."